బొమ్మల్లో మన నడక ఎక్కడ?



బోనసు, బాకీల గురించి రాసే పత్రికలో బొమ్మల మాట ఎందుకని కొందరు అడగవచ్చు. మనం ఎవరమో లోకానికి చెప్పేవాటిలో బొమ్మ కూడా ఒకటి. కనుక అదీ మన సంగతే అంటున్నాము.

తెలంగాణ నుంచి బొంబాయి, భివండి, షోలాపూర్ వచ్చిన పద్మశాలి పెద్దలకు పటం కథ తెలుసు. చేర్యాల నకాషీలు గుడ్డ మీద బొమ్మలు వేసేవారు. కూనపులివారు ఆ పటం విప్పుతూ మార్కండేయ పురాణం చెప్పేవారు. గౌడులకు, మాదిగలకు, ముదిరాజులకు వేరే పటాలు, వేరే కథకులు ఉన్నారు. చేసే పనికి అక్కడ గౌరవం ఉంది. కాని మనిషి ఎవరో కులమే చెబుతుంది. పటం కదులుతుంది, మనిషి మాత్రం పుట్టినచోటే ఉంటాడు. ఊరు విడిచి రైలెక్కిన మన తాతలకు ఆ పురాణంలో చోటు లేదు.

రైలు దిగాక మనిషి గుర్తు మారింది. టిక్కెట్టు నెంబరు, ఖాతా, పాళీ అతని గుర్తులయ్యాయి. ఈ మనిషిని బొమ్మలోకి తెచ్చినవారిలో సుధీర్ పట్వర్ధన్ ఒకరు. ఠాణాలో ఎక్స్‌రే డాక్టరుగా పని చేస్తూనే ఆయన బొమ్మలు వేశారు. 1980లో 'ట్రెయిన్', 2001లో 'లోయర్ పరేల్' వేశారు. ఆ రెంటి మధ్యనే మన బతుకు తలకిందులైంది. 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షల మందితో సమ్మె మొదలైంది. 1991 నిబంధనలు మిల్లు భూముల అమ్మకానికి దారి తీశాయి. ఆయన గీసినవారు వీరులు కారు. లోకల్ బండిలో, ఇరానీ హోటల్లో కనబడే మామూలు మనుషులు. అది పని చేసి అలసిన ఒళ్లని చూడగానే తెలుస్తుంది.

శాంతినికేతన్‌లో రాంకింకర్ బైజ్ 1956లో సిమెంటు, కంకరతో 'మిల్ కాల్' చేశారు. భోంగా మోగితే పరుగెత్తే సంతాల్ ఆడవాళ్ల బొమ్మ అది. ఆ పరుగు ఎందుకో మిల్లు మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు.

క్యాలెండర్లలో నేతగాడు మగ్గం ముందు నవ్వుతూ కూర్చుంటాడు. అలా కదలకుండా కూర్చోబెట్టిన మనిషి జీతం అడగడు. షోలాపూర్‌లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మన ఆడవాళ్లూ కూర్చునే ఉంటారు. కాని వాళ్ల వేళ్లు ఆగవు. ఆ వేళ్లను చూపని బొమ్మ వాళ్లను తీరిగ్గా కూర్చున్నవాళ్లని చేస్తుంది.

ముందు తిండి, తర్వాత బొమ్మలు అనేవారికి ఒక మాట. ఈనాడు మిల్లు కార్మికుల ఇళ్ల కోసం మనం మిల్లు మనుషులమని కాగితాలు చూపి రుజువు చేసుకోవలసి వస్తోంది. మిల్లులున్న చోట మాల్‌లు, టవర్లు లేచాయి. రేపు మన మనవలకు తాత కులం తెలుస్తుంది, తాత పని తెలియదు.

కనుక మేము కోరేది ఇది. మేడే నాడు, మార్కండేయ జయంతి నాడు పిల్లల చేతికి రంగులివ్వండి. తాతను ఏ ఖాతాలో పని చేశాడో, రాత్రి పాళీకి ఏ దారిన నడిచాడో అడిగి గీయమనండి. నాయనమ్మ వేళ్లను గీయమనండి. ఆ బొమ్మలకు యూనియన్ ఆఫీసు గోడ సిద్ధంగా ఉంది.