కుక్క మొరిగితే చాలదు... మనం లేవాలి!

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. మరి కుక్క వేళకే మొరిగినా ఇంట్లోవాళ్ళు లేవకపోతే? 2013 చివర్లో అమెరికాలోని టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థలో అదే జరిగింది.

బ్యాంకు, ఆస్పత్రి, ఇన్సూరెన్సు ఆఫీసు... ఇవాళ కంప్యూటర్ లేని చోటేది? వందల కంప్యూటర్లున్నచోట ఒక్కోదాని దగ్గరకూ వెళ్ళి చూడటం అయ్యే పని కాదు. అందుకని ప్రతిదాన్లోనూ ఒక చిన్న ప్రోగ్రాం పెడతారు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, కొత్త ఫైలేదైనా వచ్చిందా, వైరస్ కనపడిందా... ఈ కబుర్లన్నీ అది ఒక్కచోటికి చేరవేస్తుంది. అక్కడ తెరల ముందు కూర్చున్నవాళ్ళకి తేడా కనపడగానే హెచ్చరిక వస్తుంది.

టార్గెట్‌కీ ఈ ఏర్పాటుంది. రాత్రింబవళ్ళు కాపలా కాసే బృందం మన బెంగుళూరులోనే ఉండేది. ఏసీ, ఫ్రిజ్ పనులు చూసే కాంట్రాక్టరు దగ్గర కొట్టేసిన పాస్‌వర్డ్‌తో దొంగలు లోపలికొచ్చారు. బిల్లులు వేసే యంత్రాల్లో తమ ప్రోగ్రాం పెట్టారు. నవంబర్ 30న హెచ్చరిక మోగింది. బెంగుళూరువాళ్ళు మినియాపోలిస్‌లోని ప్రధాన కార్యాలయానికి కబురు పెట్టారు. అక్కడ మాత్రం ఎవరూ కదల్లేదు. దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు దొంగలపాలయ్యాయి.

మన దగ్గరా తక్కువేం కాదు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకి తాళం పడింది. ఓపీ నమోదు నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా రెండు వారాలపాటు చేత్తోనే రాసుకున్నారు. నెట్‌వర్క్‌లోని భాగాలను సరిగ్గా వేరుచేయకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఒక గదిలో నిప్పంటుకుంటే మిగతా గదులకు పాకకుండా తలుపులుండాలి కదా, అవి లేవన్నమాట.

ఒక్కోసారి కాపలాదారే తూలి పడతాడు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంటే ఎంత గొప్ప యంత్రమున్నా కాగితం, కలం సిద్ధంగా ఉంచుకోవాల్సిందే.

ఇక మన సంగతికొద్దాం. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోగా తమకు చెప్పాలనీ, కంప్యూటర్ల రికార్డులు 180 రోజులు దాచాలనీ 2022 ఏప్రిల్‌లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. కానీ మొదట తెలిసేది ఎవరికి? చాలాసార్లు సీట్లో కూర్చున్న అమ్మాయికే. పొరపాటున ఏదో లింకు నొక్కింది. చెబితే మెమో ఇస్తారేమో, "ఆడవాళ్ళకి కంప్యూటర్లిస్తే ఇంతే" అంటారేమో అన్న భయంతో గప్‌చుప్‌గా ఊరుకుంటుంది. ఆ భయం తినేసే గంటలే దొంగకి కలిసొచ్చే గంటలు. చెప్పినవాళ్ళని తిట్టే ఆఫీసులో కోట్లు పోసి కొన్న యంత్రం కూడా దండగే అంటాను నేను.

రెండో సంగతి. వైరస్ కోసం పెట్టిన కన్ను మన మీదకి తిరగకూడదు. సీట్లోంచి ఎన్ని నిమిషాలు లేచింది, ఏం టైపు చేసింది అని లెక్కలు తీయడం భద్రతా? ఇంట్లోంచి పనిచేసేవాళ్ళ కెమెరా తెరిపించి కూర్చోబెట్టడం భద్రతా? 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా ఉద్యోగ అవసరాలకూ, సంస్థకు నష్టం రాకుండా కాపాడుకోడానికీ ఉద్యోగి అంగీకారం లేకుండానే సమాచారం వాడుకునే వీలు యజమానులకిచ్చింది. చట్టం అంత చోటు వదిలినప్పుడు అడగాల్సిన బాధ్యత మనదే.

అందుకే మీ ఆఫీసులో మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ ప్రోగ్రాం నా గురించి ఏం రాసుకుంటుంది? దాన్ని ఎవరు చూస్తారు? తేడా కనపడితే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? జవాబులు కాగితం మీద ఇమ్మనండి. నలుగురూ కలిసి అడిగితే ఇవ్వక ఏం చేస్తారు?