అబ్బా బుల్లెట్‌కు సింగారం, బేటీకి బస్‌స్టాండా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడు ఊర్లల్ల ఏ మెకానిక్ షెడ్డు ముంగట నిలబడ్డా ఒకటే బహస్. "భాయ్, అబ్బా పాత బుల్లెట్ ఉన్నది. దాన్నే అప్‌గ్రేడ్ చేయించాల్నా, దాన్ని అట్లనే ఉంచి ఇంకో కొత్తది తీస్కోవాల్నా?" మా చుట్టాల్ల ముగ్గురు నౌజవాన్లు ఇదే సవాల్ నా ముందట పెట్టిన్రు. నా జవాబు ముగ్గురికీ నచ్చలే. అందుకే ఇక్కడ రాస్తున్న. కోపమొచ్చినా ఆఖరిదాకా చదవండి.

మా ఇండ్లల్ల పాత బుల్లెట్ అంటే ఉట్టి ఇనుము కాదు, నాకు తెలుసు. చానా ఇండ్లల్ల అది పర్దేశ్ కమాయి. సౌదీలనో దుబాయ్‌లనో ఎండల మాడిన మనిషి ఛుట్టీ మీద వచ్చి, శౌఖ్‌తోని కొన్న మొదటి ఖీమతీ చీజ్. మా అబ్బాది సుత అసొంటిదే. 346 సీసీ, కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడి కాలికి గేరు, ఎడమ కాలికి బ్రేకు. యాద్‌గార్ అంటే ఒప్పుకుంట. మరి యాద్‌గార్‌ను కోసి, గీకి, గుర్తుపట్టకుండ చేసుడేంది?

అప్‌గ్రేడ్ పేరు మీద ముందుగాల పోయేది సైలెన్సర్. దాని జాగల ఫట్ ఫట్ మనే గొట్టం వస్తది. మొహల్లాల పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తరు, ఇషా నమాజ్‌ల నిలబడ్డ బుజుర్గుల ధ్యానం చెదురుతది. దీన్ని శాన్ అంటున్నరు పోరగాండ్లు. నేను దిఖావా అంట. ఇది నా ఒక్కని చిరాకు సుత కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉన్నది. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు ఖిలాఫ్‌గ బండిని మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు సాఫ్‌గ చెప్పింది. పాత బండి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు ఖతం, ఆ తర్వాత ఐదేండ్లకోసారి రెన్యువల్. అప్పుడు బండిని ఇన్‌స్పెక్టర్ ముంగట నిలబెట్టాలె. మీరు వేలు పోసి చేయించిన సింగారమంత ఆనాడు విప్పి, సంచిల కట్టి, మంచం కింద పెడ్తరు.

"డిస్క్ బ్రేక్ మాట వేరే కదా, అది జాన్ సంగతి" అంటరు. జాన్ సంగతే. అందుకనే లేత్ మిషన్ మీద అందాజ్‌తోని కోసిన పట్టీకి నా జాన్ అప్పజెప్ప. డ్రమ్ముల కొత్త లైనర్లు, కొత్త కేబుల్, సరిగ్గ చేసిన సెట్టింగ్, మంచి టైర్లు, చీకట్ల తొవ్వ కనబడే లైటు. ఇవి చేయిస్తే ఆ బండికి తగిన స్పీడుల ఆగుతది. అది 60 మీద హాయిగ పోయే బండి, 100 మీద ఉరికే బండి కాదు. పెట్రోల్‌ల ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. పాత రబ్బరు పైపులు, వాషర్లు దానికి అంతగ తట్టుకోవు, అవి సుత మార్పియ్యాలె. సిరిసిల్లల సాంచలు నడిపేటోళ్లను అడగండి. నాడె అరిగితే నాడె మారుస్తరు, బెల్టు తెగితే బెల్టు మారుస్తరు. సాంచకు ఎవ్వరన్న క్రోమ్ పూత పెట్టిస్తరా?

ఇగ రెండో జమాత్. "పాతది పాతదే, పక్కకు ఇంకొకటి కొంటం." 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అప్పటి నుంచి వీళ్ల జోష్ పెరిగింది. ధర దిగింది నిజమే, సూద్ దిగిందా? హిసాబ్ చెయ్యండి. రెండు లక్షల లోన్, 36 నెలలు, ఫ్లాట్ 10 శాతం అనుకోండి. సూదే 60 వేలు. నెలకు 7,222 రూపాయలు, మూడేండ్లు. జుమ్మా బయాన్‌ల సూద్ మాట వస్తే తలకాయ ఊపుతం, షోరూంల కాగితం మీద దస్తఖత్ పెట్టంగ చెవులు మూస్కుంటం. పైంగ చానా ఇండ్లల్ల ఆ కిస్తు కట్టేది కొడుకు కాదు, ఇంకా గల్ఫ్‌లనే ఉన్న ఆ బాపే.

ఇంకో ఖత్రా ఉన్నది, దీని మీద ఎవ్వరు మాట్లాడరు. పాత బుల్లెట్‌కు బ్రేకు ఎడమ కాలికి, కొత్త బండికి కుడి కాలికి. పొద్దుగాల ఇది, సాయంత్రం అది నడిపే పిల్లగాని ముంగటికి 63వ నంబర్ హైవే మీద ఒక బర్రె అడ్డమొచ్చిందనుకోండి. కాలు ఆలోచించి తొక్కదు, ఆదత్ ఉన్న దిక్కే తొక్కుతది. ఆదత్ తప్పైతే బ్రేకు జాగల గేరు పడ్తది.

ఇంట్ల రెండో బండి వద్దని నేను అంటలేను. జరూర్ కావాలె. ఎవలికి అన్నదే నా లడాయి.

కోరుట్లల డిగ్రీ చదివే బేటీ బస్సు కోసం గంట నిలబడ్తది. అమ్మీ చేసిన బీడీలు గంపల పెట్టుకోని కార్ఖానకు నడిచి పోతది. నానీకి షుగర్, జగిత్యాల దవాఖానకు తీస్కపోవాలంటే ఆటో. ఇంటాయన పర్దేశ్‌ల, కొడుకు షెడ్డుల, బుల్లెట్ స్టాండు మీద. బుల్లెట్ నడిపే ఆడపిల్లలు ఉన్నరు, వాళ్లకు నా సలాం. కానీ ఆ కిక్కు కొట్టుడు మా నానీ మనుమరాలు అందరితోని అయ్యే పని కాదు. స్కూటీకి గేరు లేదు, రెండు బ్రేకులు చేతులల్లనే ఉంటయి, కాలు తడబడే సవాలే లేదు. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన 125 సీసీ లోపు కొత్త బండ్లల్ల ఒక బ్రేకు పడితే రెండు చక్రాలు ఆగే ఏర్పాటో, ఏబీఎస్సో తప్పనిసరి. కొత్త బుల్లెట్ ధరల సగానికే మంచిది వస్తది. చిట్టి ఎత్తి నఖద్ కొంటే సూద్ బాధ ఉండదు.

"లోగ్ క్యా కహేంగే" అంటరా? మీ అబ్బా కమాయించిన ఆ సౌదీలనే 2018 జూన్ నుంచి ఔరతులు కార్లు నడుపుతున్నరు. ఆ దేశం జీతం ఇంటికి వస్తే హలాల్, ఆ దేశం మార్పు ఇంటికి వస్తే శరమా?

మా ఇంట్ల అబ్బా బుల్లెట్‌కు లైనర్లు, కేబుళ్లు, వైరింగ్ మార్పించిన. పెయింట్ ముట్టలే. స్కూటీ ఆర్‌సీ బేటీ పేరు మీద తీసిన. మీ చెల్లెకు 18 నిండినయా? లర్నింగ్ లైసెన్స్ స్లాట్ ఆన్‌లైన్‌ల దొరుకుతది, ఇయ్యాలనే బుక్ చెయ్యండి. రెండు హెల్మెట్లు తీస్కోండి, వెనుక కూసునే అమ్మీకి సుత.