వార్డరు ఆరోగ్యానికీ లెక్క ఉండాలి

సంపాదకుల వారికి,

జైళ్లలో క్షయ గురించి మీరు వేసిన వ్యాసం ఖైదీల పరీక్షల సంగతి వివరంగా చెప్పింది, సంతోషం. కానీ కొత్త ఖైదీని చేర్చుకునేటప్పుడే పరీక్షిస్తే సిబ్బందికీ రక్షణ దొరికినట్టేనన్న వాదన ఒప్పుకోలేను. క్షయ క్రిమి ఒంట్లో ఏళ్ల తరబడి అణగి ఉండగలదు. గేటు దగ్గర బాగున్నవాడికి కొన్ని నెలలకు దగ్గు మొదలుకావచ్చు. రాత్రి లాకప్ లెక్కకు బ్యారక్ ముందు నిలబడేది వార్డరే. పలుచటి సర్జికల్ మాస్కు ఆయన్ని కాపాడదు, ఎన్‌95 కావాలి. అంతకన్నా ముందు మూసేసిన కిటికీలు తెరిపించి గాలి ఆడనివ్వాలి. దానికి టెండర్లు కూడా అక్కర్లేదు!

వ్యాసం అసలు ముట్టుకోనిది సోదా. దుప్పటి మడతలో దాచిన బ్లేడు వేలికి దిగితే హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ భయం. మొదటిదానికి మూడు డోసుల టీకా ఉంది. రెండోదానికి 72 గంటల్లోపు నివారణ మందులు మొదలుపెట్టాలి. నా సర్వీసులో ఈ గడువు గురించి మాకెవరూ చెప్పలేదు.

2020 మార్చిలో కోవిడ్ వేళ సుప్రీంకోర్టు జైళ్ల రద్దీ తగ్గించమంది, కొందరు ఖైదీలు పెరోల్‌పై ఇళ్లకు వెళ్లారు. వార్డర్లు డ్యూటీలోనే ఉన్నారు. ఉద్యోగంలో చేరగానే టీకా, ఏటా క్షయ పరీక్ష, విధుల్లో జబ్బు సోకితే జీతంతో సెలవు. ఈ మూడింటికీ జైళ్ల శాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి.

— ఓ విశ్రాంత హెడ్ వార్డరు