ఉద్దానం కంటికి విటమిన్ డి: ముందు కిడ్నీ సంగతి చూడాలి

చూపు మసకబారిందన్నా, కళ్లు పొడిబారి మండుతున్నాయన్నా ఈమధ్య మందుల చీటీలో విటమిన్ డి కూడా చేరుతోంది. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల సాషెట్‌ను చీటీ లేకుండానే అమ్మే షాపులూ ఉన్నాయి. వేరే ఊళ్లలో దీనివల్ల చాలామందికి డబ్బు దండగవుతుంది, అంతే. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో అంతటితో ఆగదు. ఉద్దానంలో పెద్దవాళ్లను పరీక్షించి 2019లో, 2020లో వెలువరించిన రెండు అధ్యయనాలూ దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేల్చాయి. ఆ జబ్బు ముదిరేదాకా బయటపడదు. అంటే కంటి కోసం సాషెట్ కొనే మనిషి తన కిడ్నీలు ఏ స్థితిలో ఉన్నాయో తెలియకుండానే కొంటున్నాడు. నాకు భయం వేస్తున్నది అక్కడే.

ఎండ తగిలినప్పుడు చర్మంలో పుట్టే విటమిన్ డి అప్పటికప్పుడు ఏ పనికీ రాదు. కాలేయంలో ఒకసారి మారాలి, ఆపైన కిడ్నీలో ఇంకోసారి మారాలి. అప్పుడే అది కాల్సిట్రయాల్ అనే చురుకైన హార్మోను అవుతుంది. ల్యాబ్‌లో మామూలుగా కొలిచేది కాలేయం నుంచి వచ్చిన మధ్యరూపాన్ని. కిడ్నీ దెబ్బతిన్నవారికి రిపోర్టులో అంకె బాగానే ఉండి, ఒంట్లో అసలు హార్మోను తక్కువగా ఉండవచ్చు. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలోను, రెటీనాలోను విటమిన్ డిని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. అక్కడి కణాలు దాన్ని సొంతంగా కొంత చురుకు చేసుకోగలవని కూడా పరిశోధనల్లో తేలింది. కంటివైద్యులకు ఈ విటమిన్ మీద ఆసక్తి కలగడానికి కారణం ఇదే. అది న్యాయమైన ఆసక్తే.

అయితే ఆసక్తి వేరు, రుజువు వేరు. కన్ను పొడిబారినవారిలో, షుగరు వల్ల రెటీనా చెడినవారిలో, వయసుతో రెటీనా నడిమి భాగం (మాక్యులా) క్షీణించినవారిలో విటమిన్ డి తక్కువగా ఉందని ఎన్నో పరిశీలనలు చెప్పాయి. జబ్బుపడినవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు, ఎండ మొహం చూడరు. లోపం జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది ఆ పరిశీలనలతో తేలదు. అమెరికాలో 25,871 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 2,000 యూనిట్లు, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఐదేళ్లకు పైగా ఇచ్చిన వైటల్ అధ్యయనం 2020లో మాక్యులా విషయంలో ఈ సంగతి తేల్చింది. మాక్యులా జబ్బు రావడమూ తగ్గలేదు, ముదరడమూ తగ్గలేదు. పిల్లల హ్రస్వదృష్టి విషయంలోనూ అంతే. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో 30.4 శాతం మందికే హ్రస్వదృష్టి వచ్చింది. తక్కినవారిలో 39.5 శాతం మందికి వచ్చిందని 2015లో ప్రచురించారు. ఆ మేలు చేసింది కంటిలో పడిన పగటి వెలుగేనని, విటమిన్ కాదని తర్వాత జన్యు పరిశోధనలు సూచించాయి. పిల్లవాణ్ని ఆటకు పంపితే వచ్చే ఫలితం చుక్కల మందులో రాదు.

విటమిన్ ఏ కథ ఇలాంటిది కాదు. అది లేక పసివాళ్ల కళ్లు పోవడం మన దేశం కళ్లారా చూసింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆసరాతో 1970లో జాతీయ కార్యక్రమమే మొదలైంది. ఆ విటమిన్ తెచ్చుకున్న నమ్మకాన్ని డి పేరు మీద అమ్ముకోవడం తప్పు.

మన దగ్గర డి లోపం లేదని కాదు, చాలానే ఉంది. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెల్లోనే మగవారిలో 44 శాతం, ఆడవారిలో 70 శాతం మందికి లోపం కనబడింది. ఎండలో పనిచేసేవారికీ లోపమే. తిండిలో కాల్షియం తక్కువై, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువైతే, ఉన్న విటమిన్ కూడా తొందరగా ఖర్చైపోతుందని వాళ్లు వివరించారు. పలాస జీడి పరిశ్రమలో పొద్దున్నుంచి షెడ్డులో కూర్చుని పిక్కలు కొట్టి, పొట్టు తీసి, పప్పు ఏరే ఆడవాళ్లకు ఎండ కూడా దక్కదు. నువ్వలరేవు, మంచినీళ్లపేట, బారువ తీరాల్లో వేటకు వెళ్లేవారిది అందుకు పూర్తిగా భిన్నమైన బతుకు. నీటి మీద మెరిసే ఎండ కంటికి కండ పెంచుతుంది, శుక్లాన్ని ముందుకు తెస్తుంది. విటమిన్ తయారయ్యేది చర్మంలో, కంటిలో కాదు. కాబట్టి వేటకు వెళ్లే మనిషి అంచున్న టోపీ పెట్టుకుంటే నష్టమేమీ లేదు. షెడ్డులో మనిషికీ, పడవలో మనిషికీ ఒకే సలహా చెప్పే వైద్యం ఎవరికీ పనికిరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996–2000 మధ్య పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించిన ప్రసిద్ధ అధ్యయనం హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో జరిగింది. ఉత్తరాంధ్ర తీరం అందులో లేదు కాబట్టి ఆ లెక్కలను ఇక్కడివారికి నేరుగా అన్వయించలేం.

ఇక అసలు ప్రమాదం. విటమిన్ డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారిలో భాస్వరం అప్పటికే బయటికి పోక నిలిచి ఉంటుంది. రెండూ కలిస్తే అవి ఒంట్లో మెత్తటి చోట్ల పేరుకుంటాయి, కంటిలోనూ పేరుకుంటాయి. తెల్లగుడ్డు మీద పేరుకుంటే కన్ను ఎర్రబడి గరగరలాడుతుంది. నల్లగుడ్డు మీద అడ్డంగా పట్టీలా పేరుకుంటే చూపే తగ్గుతుంది. కంటి కోసమని వేసుకున్న మందు చివరికి కంటికే చేటు తెస్తుందన్నమాట. ఎర్రబడిన ఆ కంటిని చూసి కలక అనుకుని చుక్కలు వేసుకుంటే అసలు కారణం దాగిపోతుంది.

దీనర్థం కిడ్నీ రోగులకు విటమిన్ డి పనికిరాదని కాదు. చాలామందికి అవసరమే. ఎముకలు గుల్లబారకుండా కాల్షియం, భాస్వరం, పారాథైరాయిడ్ హార్మోను చూసుకుంటూ నెఫ్రాలజిస్టు ఇస్తారు. డయాలిసిస్ దాకా రాని రోగులకు కాల్సిట్రయాల్‌ను అలవాటుగా రాయవద్దని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్పాయి. ఈ విటమిన్ విషయంలో నిపుణులే అంత ఆచితూచి అడుగేస్తుంటే, దాని సాషెట్‌ను కౌంటర్ మీద చేతికిచ్చేయడాన్ని ఉద్దానం ఒప్పుకోకూడదు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఊళ్లకు మంచినీళ్లు తెచ్చే పథకమూ ఆ రోజే మొదలైంది. దశాబ్దాల గోడు తర్వాత వచ్చినవి ఇవి. ఇప్పుడు అడగాల్సింది వీటితో పోలిస్తే చాలా చిన్నది. పలాస, టెక్కలి, సోంపేటల్లో డయాలిసిస్‌కు వచ్చే ప్రతి రోగికీ ఏడాదికోసారి స్లిట్‌ల్యాంప్‌తో కంటిపరీక్ష చేయాలి, రెటీనా చూడాలి. బీపీ ఎంత ముదిరిందో రెటీనాలోని రక్తనాళాలు చూపిస్తాయి. ఉద్దానంలో ఎక్కడ కంటి శిబిరం పెట్టినా పక్కనే బీపీ మిషను, రక్తం తీసే మనిషి ఉండాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఈ మండలాల్లో ఎవరికీ 60,000 యూనిట్ల డోసు రాయకూడదు, అమ్మకూడదు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ దీన్ని ఒక ఉత్తర్వుగా ఇవ్వాలి. శిబిరంలో ఇచ్చే కళ్లజోడు చీటీలో కుడికన్ను, ఎడమకన్ను గడుల కింద క్రియాటినిన్‌కు కూడా ఒక గడి అచ్చు వేయించాలి.