గండి ఒడ్డున రెండు రాత్రులు

అనువాదకునికి ఒక్కొక్క మాట ఒక్కొక్క రాత్రి నిద్రను హరిస్తుంది. ఇటీవల నన్ను వేధించిన మాట 'బ్యాడ్‌లాండ్స్'. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో, లిటిల్ మిస్సోరీ నది కోసివేసిన మట్టికొండల నడుమ, థియొడోర్ రూజ్‌వెల్ట్ పేర ఒక జాతీయ వనం ఉన్నది. 1883లో బైసన్ వేటకై అక్కడికి వెళ్లిన ఆ యువకుడే తరువాత దేశాధ్యక్షుడైనాడు. ఆ నది ఒడ్డున గుడారాలలో గడిపే యాత్రికులను గూర్చిన వ్యాసమొకటి నా బల్ల మీదికి వచ్చింది. 'చెడ్డ నేలలు' అంటే నవ్వు వస్తుంది. 'బీడు' అంటే అర్థం చెడుతుంది. సేద్యానికి లొంగక, వాననీటికి చీలికలై, మనిషికి దారి ఇవ్వని నేల అది.

నా అవస్థ చూచి పన్నెండేళ్ల మా అమ్మాయి, "మనకు అట్లాంటి చోటు లేదా నాన్నా? ఉంటే పోయి గుడారంలో పడుకుందాం" అన్నది.

మా కాపురం డెలానీపూర్‌లో. 2024లో పోర్ట్ బ్లెయిరుకు శ్రీ విజయపురమని పేరు పెట్టినా నా నోటికి పాత పేరే ముందు వస్తుంది. ఈ దీవిలో పుట్టిన పిల్లకు సముద్రం ఇంటి పెరడు వంటిది. నది మాత్రం తెలియదు. మా ద్వీపాలలో చెప్పుకోదగిన నది ఉత్తర అండమానులోని కల్పాంగ్. అది కూడా 35 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసిపోతుంది.

శాస్త్రం ప్రకారం తెలుగునాట బ్యాడ్‌లాండ్స్ అనదగినవి విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ నడుమ ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. అయితే అవి దూరం నుంచి చూచి రావలసినవే గాని మేకులు దిగగొట్టవలసినవి కావు. పైగా అక్కడ పిల్ల కోరిన నది లేదు. నదీ, చీలిన నేలా, గుడారమూ మూడూ కావాలంటే గండికోటే. అక్కడిది మట్టి కాదు, నూరు కోట్ల సంవత్సరాలకు పైబడిన గట్టి రాయి. ఎర్రమల కొండలను పెన్న 300 అడుగుల లోతున కోసింది. ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు. దానిని 'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అని ఊరికే పొగుడుతుంటారు. అంత చక్కని తెలుగు మాట ఉండగా ఈ అరువు బిరుదు ఎందుకో!

పెన్న మాట వినబడగానే పక్క గదిలోని మా నాయన లేచి వచ్చారు. ఆయనకు డెబ్బయ్యెనిమిదేళ్లు. పుట్టినది కొండాపురం మండలంలో. 2020లో గండికోట జలాశయం నీటికై ఖాళీ చేసిన ఊళ్లలో ఆయన ఊరూ ఒకటి. ఆ సంవత్సరం కరోనా కారణంగా కదలలేకపోయినాము. ఆ తరువాత ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"నన్నూ తీసకపోరా" అన్నారు.

"ఊరు లేదు కదా నాయనా, నీళ్లే కదా."

"నీళ్లే చూస్తాలే. ఊరు యాడ ఉండిందో నాకు తెలుసు గదా."

అక్కడితో అది పిల్ల సరదా యాత్ర కాకుండా పోయింది. ప్రణాళిక మొత్తం మళ్లీ వేసుకున్నాను. ఓడలో మదరాసుకు సుమారు మూడు రోజులు. ఆయనకు అది కష్టం. కనుక విమానం, అక్కడి నుంచి రైలులో కడప, ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు, ఆపైన పాతిక కిలోమీటర్ల చిల్లర దూరం కారులో. గ్యాసు డబ్బాను విమానంలో తీసుకుపోనివ్వరు గనుక వంట ఆలోచన మానుకున్నాము. వేసవిలో ఆ బండలు పెనాలవుతాయి. అక్టోబరు, నవంబరులలో వాన భయం. జనవరి నిశ్చయించాను. అన్నట్లు, మా ఇంట ఒక్క ఉన్ని చొక్కా లేదు. కడప జిల్లా చలిరాత్రి మా దీవిపిల్లకు కొత్త.

గుడారం వేయడం మాకు తెలిసిన పనే, ఇసుకలో. రాతిపై మేకు దిగదు. తాళ్లను పెద్ద రాళ్లకు చుట్టి కట్టాలి, గాలి ఎటు వీస్తుందో చూచి ద్వారం పెట్టాలి. అన్నిటికన్న ముఖ్యం, అంచుకు దూరంగా వేయాలి. చీకటిలో లేచి నడిచే అలవాటున్న ముసలివారుంటే మరీ దూరంగా. నది చూడాలంటే కోటలోని జామియా మసీదు దాటి గుండ్ల మీదుగా ఎక్కి దిగాలి. 1652లో మీర్ జుమ్లాను కలుసుకొనడానికి తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఈ కోటకు వచ్చాడు. ఆయన మోకాళ్ల సంగతి నాకు అక్కరలేదు, మా నాయన మోకాళ్లతోనే నా పేచీ. పది అడుగులకొకసారి కూర్చుంటూ పోదామని మనుమరాలు ఒప్పందం కుదిర్చింది.

మొదటి రాత్రి గండి ఒడ్డున. మరునాడు ఉదయం జలాశయం కట్ట మీదికి. అక్కడ ఎంతసేపు ఉంటామో కాగితం మీద వ్రాయలేదు. ఆ గడిని ఖాళీగా వదిలివేశాను. రెండవ రాత్రి అందుకే పెట్టుకున్నాను.

నిన్న నాయన కాగితమంతా చదివి, "గుడారంలో మీరు పండుకోండి. నాకు ఆకాశం కనపడాల. నులక మంచం దొరుకుతుందేమో అడుగు" అన్నారు. గుడారాలు అద్దెకిచ్చే అబ్బాయికి ఫోను చేశాను. మంచం ఉన్నదట. దుప్పట్లు మాత్రం మేమే తెచ్చుకోవాలట.