తెరచాప యాత్ర

మలికిపురం మండలంలోని దిండి వద్ద వసిష్ఠ గోదావరిలో విహరించే హౌస్‌బోట్లు మన ప్రాంతీయులకు పరిచితమైనవే. కొబ్బరితోటల నీడ, చల్లనిగాలి, రుచికరమైన భోజనం, ఇవన్నీ వాటిలో లభిస్తాయి. కాని ప్రాణికోటిని పరిశీలించదలచిన వారికి అవి చాలవు. అట్టివారి కోసం పది పన్నెండు మంది మాత్రమే పట్టే తెరచాప ఓడలను అంతర్వేది నుండి కోరంగి వరకు నడపాలని నా అభిప్రాయం. ఇండోనేషియాలో ఫినిసీ అనే సంప్రదాయపు కొయ్య ఓడలు కొమొడో దీవుల చుట్టూ జంతుప్రేమికులను, డైవర్లను తిప్పుతున్నాయి. ఆ ఓడల నిర్మాణకళను యునెస్కో 2017లో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

తెరచాపయే ఎందుకని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. జనవరి మొదలు కొన్ని నెలలపాటు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. ఒక్కొక్కటి ఇసుకలో గుంట తవ్వి సుమారు నూరు గుడ్లు పెడుతుంది. సముద్రజీవియే అయినా తాబేలు శ్వాసకోసం నీటిపైకి రాక తప్పదు. మరబోటు పంకా రెక్కలు తగిలి గాయపడేది అప్పుడే. ట్రాలర్ వలలో చిక్కినది పైకి రాలేక ఊపిరాడక మరణిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జీవికి అత్యున్నత రక్షణ కల్పించింది. అయినా మృతకళేబరాలు ఒడ్డుకు కొట్టుకురావడం ఆగలేదు.

ఓడ మనకు కొత్త కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభాల ఓడ ఉన్నది. తుపానుకు చిక్కిన నౌకల సరకును రాజు అపహరించరాదని కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. ఈ యాత్రామార్గంలోనే ఓడలరేవు అనే ఊరున్నది. నేడు అక్కడ కనిపించేది చమురు, సహజవాయు సంస్థ వారి కేంద్రం. పేరు మాత్రం పాతదే నిలిచింది!

వైనతేయ ముఖం దాటి గౌతమిని చేరితే కోరంగి మడ అడవులు ఎదురవుతాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ ప్రదేశంలో నీటికుక్కలు, చేపలు పట్టి తినే నీటిపిల్లులు సంచరిస్తాయి. అక్కడ ఓడను నిలిపి, తెడ్లు వేసే దోనెలో కాలువలలోకి పోవాలి. డైవర్లకు మాత్రం ఇక్కడ ఆశ చూపరాదు. గోదావరి మోసుకువచ్చే ఒండ్రు వలన మూరెడు దూరం కూడా కానరాని నీరిది. వారు విశాఖకో, అండమాన్‌కో, లక్షద్వీపాలకో వెళ్లడమే ఉచితం. లేనిదానిని ఉన్నదని ప్రకటించడం పర్యాటకం అనిపించుకోదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి అనేకులు మృతిచెందారు. కనుక తుపాను మాసాలలో ఈ ఓడలు కదలరాదు. ప్రాణరక్షక కవచం లేనివారిని ఎక్కించరాదు. తాబేటి పిల్లలు గుడ్ల నుండి వెలువడే రాత్రులలో తీరాన దీపాలు వెలిగించరాదు; వెలుగువైపు నడిచే స్వభావంగల ఆ పిల్లలు సముద్రానికి బదులు ఊరిలోకి పోతాయి.

చుక్కాని ఎవరి చేతిలో ఉండాలన్నది అన్నిటికంటె ముఖ్యం. గాలిని, పోటుపాట్లను, నదీముఖంలో ఏటేటా మారే ఇసుకమేటలను ఎరిగినవారు అంతర్వేది పల్లిపాలెం మత్స్యకారులు. వలలో పడిన తాబేలును విడిపించి నీటిలో వదిలినందుకు వారికిప్పుడు లభించేది చినిగిన వల మాత్రమే. ప్రాణమున్న తాబేలును చూపినందుకు వారికి జీతం రావాలి. టిక్కెట్టు సొమ్ములో సగమైనా వారి ఇళ్లకు చేరనిచో ఈ యాత్రకు నా సమ్మతి లేదు.