పెద్ద చేప ఎక్కడుంటుంది?

చిక్కడపల్లిలో చెరువు లేదు గాని, చేపల సంగతి తెలిసినవారికి లోటు లేదు. మృగశిర కార్తె ప్రవేశించే రోజున, అంటే జూన్ 7నో 8నో, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులు సంచీలు పుచ్చుకుని పక్కనున్న రాంనగర్ చేపల బజారుకు దారితీస్తారు. అక్కడ కొర్రమీనుకున్న గిరాకీ ఇంతా అంతా కాదు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దానిని రాష్ట్ర చేపగా ప్రకటించింది కూడాను.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఉద్యోగం విరమించాక గాలమే ఆయన కాలక్షేపం.

"బాబాయిగారూ, అంతంత చేపలు మీకే ఎలా దొరుకుతాయండీ?" అని అడిగాను.

"ఎరలో ఏముందయ్యా! చేప ఏ వేళకు ఏం చేస్తుందో తెలియాలి" అన్నారు.

బొచ్చె పైనీటిలో మేస్తుందట. రవ్వ నడినీట, మృగాల అడుగున. కనుక బెండు ఎంత ఎత్తున కట్టాలో చేపను బట్టి ఉంటుంది. చేప ఒంటికి రెండు పక్కలా తలనుంచి తోకదాకా ఒక గీత ఉంటుంది. నీటిలో ఏ కదలిక పుట్టినా దానితోనే పసిగడుతుంది. గట్టుమీద దబదబా నడిచామా, పెద్దది కాస్తా తప్పుకుంటుంది. ఎండవేళ నీడపట్టున, ఆకుల కింద పడి ఉండి, తెల్లవారుజామునా సందెవేళా మేతకు బయలుదేరుతుంది.

కొర్రమీను తీరు వేరు. మొప్పలున్నా, పైగాలి పీల్చకపోతే అది బ్రతకదు. అప్పుడప్పుడు పైకి వచ్చి ఒక గుటక వేసి పోతుంది. అక్కడ లేచే బుడగే దాని ఆచూకీ.

"ఇంకో గుర్తుంది" అన్నారాయన. వానలు పడగానే కొర్రమీను జంట నాచు తొలగించి, గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతూ గాలికోసం పైకి వస్తే, నీటిమీద చినుకులు పడ్డట్టు ఉంటుంది. వాటి కిందనే తల్లో తండ్రో కాపలా. అక్కడ కప్పను గుచ్చిన గాలం వేస్తే, ఆకలి లేకపోయినా, పిల్లలమీదికి ఎవరో వచ్చారని విరుచుకుపడుతుంది.

"అయితే సులువేనన్నమాట!" అన్నాను.

"సులువే. అందుకే వెయ్యను. పెద్దది నా సంచీలోకి వస్తే, పిల్లలు పక్క చేపల నోట్లోకి పోతాయి. వచ్చే ఏటికి చెరువులో ఏం మిగులుతుందయ్యా?"

మనం కొర్రమీను కోసం ఎగబడే రోజులూ, అది పిల్లల్ని సాకే రోజులూ ఒకటే కావడం దాని దురదృష్టం. ఈ ఏడు కార్తెకు మా ఇంట్లో పెంపకపు చెరువు బొచ్చెతోనే పులుసు పెట్టించాను. మా అబ్బాయి మొహం ముడిచాడు. పులుసు మాత్రం మారు వడ్డించుకున్నాడు.